మావయ్యగారికి ఒక్క పేజీ

మా వదిన గొంతు ఎరిగినవాళ్ళు వేలల్లో ఉంటారు. మనిషిని ఎరిగినవాళ్ళు మాత్రం మా వీధీ, మా ఆఫీసూ, అంతే. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి టేపుకెక్కించే ఆఫీసు మాది. ఆవిడ చదువుతుంది, నేను మిషను తిప్పుతాను. మధ్యలో ఒక అద్దం. ఇంట్లో వదినా మరదళ్ళం, అక్కడ గొంతూ చెవీ. ఏళ్ళ తరబడి ఆవిడ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా ముందు నా చెవిన పడే బయటికి వెళ్ళింది. ఆవిడ సంగతి చెప్పడానికి నాకంటే హక్కున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మనండి, నేను నోరు మూసుకుని వింటాను.

ఆ గది సంగతి ముందు చెప్పాలి. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టి ఉంటాయి. ఫ్యాను ఉంది కానీ టేపు తిరిగేటప్పుడు ఆపేయాలి, లేకపోతే ప్రతి కథలోనూ గాలివాన వస్తుంది. చదివేవాళ్ళు గాజులు తీసి బయట పెట్టాలి. ఖాళీ కడుపుతో కూర్చోకూడదు, కడుపు కూస్తే ఆ కూతా టేపులో పడుతుంది. పేజీ తిప్పాలంటే వాక్యం ఇంకా పూర్తి కాకముందే మూల ఎత్తి పట్టుకుని, ఊపిరి తీసుకునే సందులో తిప్పేయాలి. మా వదిన తిప్పితే పక్కనున్న నీళ్ళ గ్లాసుకు కూడా వినపడదు. మెడకు తడిగుడ్డ చుట్టుకుని, చెమటలు కారిపోతుండగా మంచు కురిసే రాత్రిని చదివి, వినేవాళ్ళ చేత దుప్పట్లు కప్పించగల మనిషి.

ఉద్యోగం వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. అప్పటికి ఆవిడ నాకు వదిన కాదు, ఎవరో అమ్మాయి. గొంతు పరీక్ష టేపు మీద జరిగేది. చదివినవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి, ఆఫీసరుగారు లోపల కళ్ళు మూసుకుని టేపులు విని ఒకళ్ళను ఎంచుకున్నారు. విన్నది ఒక్క నిమిషమే, "ఈ అమ్మాయి. ఇంక వేరే టేపు పెట్టొద్దు" అన్నారు. పిలుచుకొచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని అడిగారు.

"టేపులో చదివిన అమ్మాయి ఏదమ్మా?"

"నేనేనండీ."

"నువ్వు కాదమ్మా, చదివిన అమ్మాయి."

ఆవిడ నిలబడ్డచోటే, టేపులో చదివిన పేరా మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పింది. ఉద్యోగం ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు, నేను సాక్షిని కదా.

మా వదిన వాళ్ళది ఓడవాళ్ళ కుటుంబం. ఎప్పుడో తాతల తాతలను ఓడల్లో తెచ్చి పనికోసం ఈ నేల మీద దింపారట. నల్లటి నలుపు, గుండ్రంగా చుట్టుకుపోయే జుట్టు, మాట మాత్రం మీదీ నాదీ. ఆ ఇంట్లో ఓడ ఎక్కినవాడు ఇవాళ ఒక్కడు లేడు. మా వదినకైతే పడవ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. అయినా పేరు ఓడవాళ్ళే. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు మీ ఊరేదని అడుగుతారు. చెప్తుంది. అది కాదండీ, అసలు ఊరు, అంటారు. ఆవిడ మళ్ళీ అదే ఊరు చెప్తుంది. ఇలా దిగాల్సిన స్టాపు దాకా సాగుతుంది.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందంటారు? ఊరికే గాల్లోంచి ఊడిపడలేదు. మన పుస్తకాలు చూడండి. నేను మిషను దగ్గర కూర్చుని విన్నన్ని నవలలు మీలో ఎవరూ విని ఉండరు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఓడవాడు కథలోకి ఎందుకొస్తాడు? గుమ్మం దగ్గర నిలబడటానికి, లేదా కథానాయకుణ్ణి కొండ మీంచి తోయబోయి తనే పడిపోవడానికి. ఓడమనిషి ఆడదైతే పాలల్లో ఏదో కలుపుతుంది. వీళ్ళ మాటలు కూడా ఒక రకంగా రాస్తారు. "నేను నిన్ను చంపును. నువ్వు బంగారము ఇచ్చును." పుట్టి బుద్ధెరిగాక ఓడవాళ్ళెవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. రాసేవాళ్ళు కూడా విని ఉండరు. ఒకాయన రాశాడు, ఆయన్ను చూసి ఇంకొకాయన రాశాడు, అదే తంతు.

మా అమ్మ వారపత్రికల సీరియళ్ళు ప్రాణం పెట్టి చదివేది. మా అన్నయ్య ఆఫీసులో మిషను బాగుచేయడానికి వచ్చి, ముందు గొంతుకు పడి, తర్వాత మనిషికి పడి, వదినను ఇంటికి తీసుకొచ్చిన రోజున మా అమ్మ నన్ను వంటింట్లోకి లాగి గుసగుసగా అడిగింది.

"దానికి తెలుగొచ్చుటే?"

సరిగ్గా అప్పుడే హాల్లోంచి వినపడింది. "అత్తయ్యగారూ, నేనొచ్చి ఏమైనా అందుకోనా?"

"వచ్చునే," అంది మా అమ్మ, ఏదో పోగొట్టుకున్నదానిలా.

పెళ్ళయ్యాక చాన్నాళ్ళు మా అమ్మ తన కాఫీ తనే కలుపుకుంది. మంచానపడి లేవలేకపోయినా పాలగిన్నె దగ్గరికి తనే పాక్కుంటూ వెళ్ళేది. ఒక సీరియల్లో ఓడమనిషి పాలల్లో విషం కలిపిన వారం ఆవిడకు బాగా గుర్తు. మా అమ్మ చెడ్డది కాదు, చదివింది నమ్మింది, అంతే. ఆ అంతేలో మా వదిన ఎన్ని మధ్యాహ్నాలు వంటింటి గడప ఇవతల చేతులు కట్టుకుని నిలబడిందో నేను చూశాను. ఒకసారి జ్వరంలో అమ్మ చదువుకోలేకపోతుంటే వదిన మంచం పక్కన కూర్చుని ఆ వారం సీరియలు చదివి పెట్టింది. మర్నాడు అమ్మ "కాఫీ నువ్వే ఇవ్వవే" అంది. ఇప్పుడు మనవడి ఉంగరాల జుట్టుకు నూనె రాయడానికి ఇంకెవరినీ దగ్గరికి రానివ్వదు. అయినా ఆ గడప ఇవతలి మధ్యాహ్నాలు ఎవరు తిరిగిస్తారు?

ఇక మావయ్యగారు, అంటే వదిన నాన్నగారు. ఈ కథంతా ఆయన గురించే.

ఆయన నిలువెత్తు మనిషి. వెడల్పాటి భుజాలు, గుప్పెడు మీసం. బంగారం కొట్టు గుమ్మం దగ్గర కాపలా ఉద్యోగం. ఆ కొట్టు యజమానికి అపరాధ పరిశోధన నవలలంటే పిచ్చి. ఓడవాడు గుమ్మంలో నిలబడితే దొంగ ఆ వీధిలోకే రాడని ఆ నవలల్లో చదివి, ఏరి కోరి ఈయన్ను పెట్టుకున్నాడు. తీరా మావయ్యగారు నోరు విప్పేసరికి సన్నటి గొంతు, గబగబా మాట, ప్రతి నాలుగు మాటలకూ ఒక నవ్వు. యజమాని తల పట్టుకున్నాడు. "నువ్వు నిలబడు చాలు. మాట్లాడకు. నీ గొంతు వింటే దొంగలు కుర్చీ వేసుకుని కూర్చుంటారు" అన్నాడు. అదే ఉద్యోగానికి షరతు. మీసం పెంచాలి, నోరు విప్పకూడదు.

అలా ఉద్యోగకాలమంతా ఆయన మూగవాడిలా నిలబడ్డాడు. సాయంత్రం ఇంటికొచ్చేవాడు, చెప్పులు విప్పుతూనే మొదలు. రోజంతా లోపల పేరుకున్న మాటలన్నీ కూతురి ముందు కుమ్మరించేవాడు. అత్తగారు, అంటే వదిన అమ్మ, చెవులు మూసుకునేదట. వదిన మాత్రం పుస్తకం పక్కన పడేసి ఎదురుగా కూర్చునేది. మాటకు ఊపిరి ఎక్కడ పెట్టాలో, నవ్వు రాబోయే ముందు గొంతు ఎలా సన్నబడుతుందో అన్నీ అక్కడే నేర్చుకున్నానంటుంది.

ఒకసారి ఆయన మా ఆఫీసుకు వచ్చారు. నాకు ఎక్కడలేని సంబరం. "రండి మావయ్యగారూ, లోపల కూర్చుని ఏదైనా మాట్లాడండి, టేపుకెక్కిస్తాను" అన్నాను. లోపలికి వెళ్ళారు. నేను అద్దానికి ఇవతల చెయ్యి ఊపాను. ఆయన కూర్చోలేదు. అద్దం కనపడేసరికి వెన్ను నిటారుగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. నా వంక చూసి నవ్వి తల అడ్డంగా ఊపారు. కొట్టు తలుపు కూడా అద్దమే. "ఇంటికి రావే, ఇంటి దగ్గర చెప్తా" అన్నారు, బయటికొచ్చాక. మా మిషను బల్లకు బిగించి ఉంటుంది, ఇంటికి తీసుకెళ్ళేది కాదు. ఏదో ఒకటి చేద్దాం, చేద్దాం అనుకుంటుండగానే ఆయన పోయారు. ఊళ్ళో అందరి దగ్గులూ నా టేపుల్లో ఉన్నాయి, ఆయన నవ్వు ఒక్కటి లేదు.

ఆయన పోయాక వదిన ఒక పని మొదలుపెట్టింది. పుస్తకంలో ఓడవాడు ఎక్కడ వచ్చినా వాడికి నాన్న గొంతు పెట్టి చదివేది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదవాలని మా ఆఫీసు రూలు. అక్షరం మార్చేది కాదు. "ఆగుము! ప్రాణము తీయును!" అని అచ్చులో గర్జిస్తుంటే, టేపులో మాత్రం సన్నటి గొంతుతో, ఎక్కడో కాస్త నవ్వు దాచుకుని, ఇంటికెళ్ళాలని తొందరలో ఉన్న మనిషి అనేవాడు. రిటైరైన సంగీతం మాష్టారు ఒకాయన, మాకు ఎప్పుడూ ఫోను చేసే శ్రోత, ఓ రోజు ఫోన్లో తగువు పెట్టుకున్నారు.

"ఏమమ్మా, ఆ కాపలావాడు చంపుతా చంపుతా అంటుంటే నాకు వాడికి మంచినీళ్ళివ్వాలనిపిస్తోంది. ఇదేం చదువు?"

"ఇవ్వండి మాష్టారూ, పాపం నిలబడి నిలబడి ఉన్నాడు" అంది వదిన.

కానీ ఆ కాపలావాళ్ళకు ఉండే మాటలెన్ని? ఒకటి, రెండు. తర్వాత కొండ, లోయ, చావు. నాన్న గొంతు అలా అందినట్టే అంది జారిపోయేది. ఒకరోజు బస్సులో వస్తూ అంది. "ఏమే మరదలా, మా నాన్నకు ఒక్క పేజీ ఇచ్చే పుస్తకం రాదంటావా? ఒకే ఒక్క పేజీ. ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, మాట్లాడితే చాలు. మంచి చేయనక్కర్లేదు, చెడు చేయనక్కర్లేదు. ఎవరికో ఏదో చెప్పాలి, అంతే." కిటికీలోంచి బయటికి చూశాను.

వచ్చింది. నిజంగానే వచ్చింది. పెద్ద రచయిత, పెద్ద నవల, బహుమతి కూడా వచ్చిందని ఆఫీసరుగారు అట్ట చూపిస్తూ చెప్పారు. ఓడవాళ్ళకు జరిగిన అన్యాయం మీద రాశారట. కథానాయకుడు ఓడవాడు, ఒక పెద్ద ఇంటి గుమ్మం దగ్గర కాపలావాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అతని కథే. వదిన ఆ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది. మామూలుగా ఆవిడ ఏ పుస్తకాన్నైనా ముందు ఇంట్లో చదివి, ఎవరికి ఏ గొంతు పెట్టాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటుంది. దీన్ని తెరవలేదు. "వద్దే. నాన్న ఏం మాట్లాడతాడో గదిలో కూర్చునే చూస్తా. ముందే తెలిస్తే నాకు గొంతు పట్టేస్తుంది" అంది.

మా పనిలో లెవెలు చూడటం అని ఒకటుంది. పుస్తకం మొదలుపెట్టే ముందు చదివేవాళ్ళు కాసేపు ఏదో ఒకటి మాట్లాడాలి. నేను ఆ గొంతును బట్టి మిషను మీద ముల్లు సరిచేసుకుంటాను. రోజూ మొదట ఆ ముక్క విని, గొంతు మొన్నటిలాగే ఉందో లేదో పోల్చుకుంటాం. పుస్తకం పూర్తయ్యేదాకా ఆ ముక్క టేపు మొదట్లో ఉంటుంది. కాపీలు తీసేటప్పుడు దాన్ని వదిలేసి, ఎర్రచీటీ అంటించిన చోటు నుంచి తీస్తారు. అందరూ ఒకటి రెండు మూడు అని అంకెలు చెప్తారు. వదిన నాన్న గొంతులో ఓ రెండు ముక్కలు అనేది, ఎవరూ వినేది కాదు కదా అని.

ఆ రోజు మాత్రం ఎంత సంతోషంగా ఉందో, ఆపలేదు. నేను ముల్లు సరిచేసుకోవడం ఎప్పుడో అయిపోయింది. చాలని చెయ్యి ఊపలేదు, ఊపబుద్ధి కాలేదు. కళ్ళు మూసుకుని ఇలా మాట్లాడింది.

"ఏమే, తిన్నావా? తినకుండా పుస్తకం పట్టుకు కూర్చున్నావా? సరే ఇటు రా, ఇవాళ ఏమైందో చెప్తా. మీ అమ్మకు చెప్పకు, ఉద్యోగం పోతుందని ఏడుస్తుంది. ఒక పెళ్ళికూతురు వచ్చిందే. వెనకాల అత్తలు, పిన్నులు, పెద్దమ్మలు, ఓ దండు. ఆ పిల్ల చెవులకు ఏవేవో పెట్టి చూస్తున్నారు. ఇది బావుందని ఒకావిడ, అది బావుందని ఇంకొకావిడ. నీకేది కావాలే అని ఆ పిల్లను అడిగిన పాపాన పోలేదు ఒక్కళ్ళూ. అది అద్దంలో చూసుకుంటుంటే అద్దంలో వెనకాల నేను కనపడ్డా, గుమ్మం దగ్గర. జడుసుకుంటుందనుకున్నా. జడుసుకోలేదే. దుద్దు పట్టుకుని, ఎలా ఉంది అన్నట్టు చూసింది. నన్నే. నేను మాట్లాడకూడదాయె. ఏం చెయ్యను, ఊహూ అన్నట్టు కనుబొమ్మ ఎత్తా. తీసేసింది. ఇంకోటి పెట్టింది. మళ్ళీ చూసింది. ఊహూ. తర్వాతది చిన్నది, ఒంటి ముత్యం. ఆ మొహానికి అది ఎంత బావుందో. కళ్ళు మూసి తెరిచా. ఇదే కావాలని పట్టుబట్టింది. అత్తలందరూ లబోదిబో, ఇంత చిన్నదా ఇంత చిన్నదా అని. ఓనరు చూస్తాడేమోనని నేను మళ్ళీ రాక్షసుడి మొహం పెట్టేశా. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల నా దగ్గర ఆగి థాంక్సండీ అంది. నేనేమీ అనలేదు. అనకూడదుగా. అదొక్కటే మనసులో ఉండిపోయిందే. నీకు బాగా నప్పిందమ్మా అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? మూగవాణ్ణి అనుకుని ఉంటుంది. సరే పోనీ. ఇంతకీ నువ్వు తిన్నావా? చెప్పవేం?"

కళ్ళు తెరిచింది. నేను ఎర్రచీటీ అంటించి వేలు ఎత్తాను. పుస్తకం మొదలుపెట్టింది.

మొదటి రోజు కాపలావాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అతని కళ్ళలో శతాబ్దాల దుఃఖం ఘనీభవించి ఉంది" అని రచయిత. యజమాని తిట్టాడు, యజమాని భార్య జాలిపడింది, వాళ్ళబ్బాయి ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ అతని గురించే మాట్లాడారు. అతను మాట్లాడలేదు.

"మొదటి రోజే కదా" అంది వదిన బస్సులో. "రేపు మాట్లాడతాడు."

మర్నాడు కొరడాతో కొట్టారు. ఒక పేజీ నిండా కన్నీళ్ళు. మాట లేదు. ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. "పెళ్ళాంతోనైనా మాట్లాడకపోతాడా" అంది. "మాటలు అక్కర్లేని బంధం వాళ్ళది" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు రచయితగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మాటలు అక్కర్లేని సంసారం ఎక్కడుందండీ? మా ఇంట్లో ఉప్పు ఎక్కువైతే మూడు రోజులు మాటలే మాటలు. ఇంత దయగల రచయితకు, ఆ కాపలావాడి చేత భార్యను కాసిని మంచినీళ్ళు అడిగించడానికి కాగితం చాలలేదు.

అప్పుడు కూతురు పుట్టింది. వదిన మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం నడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. "కూతురే పుట్టిందే. ఇంక మాట్లాడక చస్తాడా?"

మాట్లాడక చచ్చాడు. చివరి అధ్యాయంలో, వానలో, గుమ్మం దగ్గరే. అతని మౌనం గురించి యజమాని కొడుకు రెండు పేజీలు బాధపడ్డాడు. వదిన ఆ రెండు పేజీలూ ఒక్క తప్పు లేకుండా చదివింది. పుస్తకం మూసింది. లేవలేదు. నేను లోపలికి వెళ్ళి ఫ్యాను వేశాను.

"అదేంటే," అంది, తన వస్తువు ఎవరో తీసుకుపోయిన చిన్నపిల్లలా. "మాట్లాడలేదు."

ఏడవలేదు. ఏడిస్తే బావుండుననిపించింది నాకు. ఆ పాత నవలల్లో కొండ మీంచి పడిపోయేవాళ్ళే నయం కదా వదినా, చచ్చేముందు ఒక మాటైనా అంటారు, అన్నాను. ఆవిడ నీళ్ళు తాగి గ్లాసు బోర్లించింది.

కాపీలు తీసే తాతయ్య ఒకాయన ఉన్నాడు మాకు. ఆయనకు సగం చెవుడు. టేపుల ఆఫీసులో చెవిటి మనిషిని ఎవరు పెట్టారో దేవుడికెరుక. చెవిటివాడి ముందు శంఖమని అందరం వేళాకోళం చేస్తుంటే ఆయనా నవ్వుతాడు, ఏమన్నామో వినపడక. ఆయన టేపు వినడు, ఎర్రచీటీ చూస్తాడు, అక్కడి నుంచి కాపీ వదులుతాడు. ఆ ఎండల్లో జిగురు కరిగి చీటీ ఊడిపోయింది. చీటీ లేదు కాబట్టి మొదటి నుంచి వదిలేశాడు. ఆ కాపీలు పెట్టెలకెక్కి ఊళ్ళకు వెళ్ళిపోయాయి.

మాకు తెలిసింది సంగీతం మాష్టారి ఫోనుతోనే. నా బల్ల మీదే మోగింది. ఆయన గొంతు రిసీవరు దాటి గదంతా వినపడుతుంది. వదిన గాజులు వేసుకుంటోంది. నేను ఫోను ఆవిడకిచ్చాను.

"అమ్మా, ఆ కొత్త నవల విన్నాను. ఒక సందేహం. మీరు టేపు ఒకటి పంపడం మరిచిపోయారేమో చూడండి."

"లేదండీ, అన్నీ వచ్చి ఉంటాయే."

"మరి ఆయన ఏమయ్యాడు? మొదట్లో కొట్టు నుంచి ఇంటికొచ్చి కూతురితో మాట్లాడతాడే, ఆ ముత్యం దుద్దుల సంగతి, ఆయన. ఎంత ముచ్చటైన మనిషమ్మా. అంతే, తర్వాత పుస్తకమంతా ఒక్క పలుకు లేదు. ఇప్పుడు మాట్లాడతాడు, ఇప్పుడు మాట్లాడతాడు అని చివరి టేపు దాకా కాచుక్కూర్చున్నాను. భోజనానికి లేవమని మా ఆవిడ గోల. చచ్చిపోయాడంటారేమిటి? అంతగా మాట్లాడే మనిషి మాట్లాడకుండా ఎలా చచ్చిపోతాడు?"

వదిన మొహంలో రక్తం లేదు. నా వంక చూసింది. నాకప్పుడు అర్థమైంది.

"ఇంకొకటి," అన్నారు మాష్టారు. "ఆ కూతురు. అదేం పిల్లమ్మా? పాపం, రోజంతా నోరు కట్టుకుని నిలబడి వచ్చినవాడు. తిన్నావా అని వచ్చీరాగానే అడిగాడు. చివర్న మళ్ళీ అడిగాడు. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఒక్క మాట, తిన్నాను నాన్నా అంటే దాని సొమ్మేం పోయింది? నాకు ఆయన చచ్చిపోయినందుకంటే దానికే ఎక్కువ కోపం వచ్చింది."

వదిన రిసీవరు పట్టుకునే ఉంది. నోరు తెరిచింది. ఏ గొంతూ రాలేదు. నేనే తీసుకుని, ఏదో పొరపాటు జరిగింది మాష్టారూ, ఆ టేపులు వెనక్కి పంపించాల్సి ఉంటుంది అన్నాను.

"నేను పంపను," అన్నారు. "వెతికాను, కనపడలేదు అని రాసుకోండి. నా మాట నమ్మకుండా ఉండగలరా?"

ఆఫీసరుగారికి ఆ సాయంత్రమే తెలిసింది. పిలిచారు. "పుస్తకంలో లేని మనిషి టేపులోకి ఎలా వచ్చాడమ్మా?"

"పుస్తకంలో లేడనే కదండీ" అని మొదలుపెట్టి, వదిన అక్కడే ఆపేసింది.

ఆయన కసురుకోలేదు, నిజం చెప్పాలి. కాపీలన్నీ వెనక్కి తెప్పించమన్నారు. ఇకమీద లెవెలుకు అంకెలు తప్ప ఇంకేమీ అనకూడదన్నారు. అసలు టేపులోంచి ఆ ముక్క కోసి పారేయమని కత్తెర నా చేతికే ఇచ్చారు. కోశాను. పారేయమన్నారు కానీ ఎక్కడ పారేయాలో చెప్పలేదు. నా టిఫిను క్యారియరు పైగిన్నె కడిగి తుడిచి, అందులో చుట్టి పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అన్నయ్య దానికి తగ్గ మిషను చేస్తానని అటక మీది సామానంతా కిందికి దించాడు. మా అమ్మ వదినను "మీ నాన్న మాటలటే అందులో?" అని అడిగి, "జాగ్రత్తరా, తెగుతుంది" అని అన్నయ్యను కసిరింది. వదిన ఆ గిన్నె మూత తియ్యలేదు.

మర్నాడు కొత్త పుస్తకం. వడ్రంగం పని నేర్పే పుస్తకం, అందులో మనుషులే లేరు. వదిన గాజులు తీసి నా బల్ల మీద పెట్టి, లోపలికెళ్ళి కూర్చుంది. నేను ఫ్యాను ఆపాను. టేపు వదిలాను.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు."

ముల్లు సరిగ్గా నిలబడింది. చాలని వేలు ఎత్తాను. ఆవిడ పుస్తకం తెరవలేదు.

"ఏమే మరదలా, టేపు తిరుగుతోందా?"

తిరుగుతోందని తల ఊపాను.

ఇన్నేళ్ళలో ఆ కుర్చీలో కూర్చుని ఆవిడ రాజుల్ని మాట్లాడించింది, దొంగల్ని మాట్లాడించింది, నాన్నను మాట్లాడించింది. తన గొంతుతో తను మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మైకు దగ్గరికి జరిగింది.

"తిన్నాను నాన్నా," అంది. "పొద్దున్నే తిన్నాను. నువ్వు చెప్పు. ఆ పిల్ల మళ్ళీ వచ్చిందా?"

ఆగింది. ఇప్పుడు ఆయన గొంతు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఎవరో చెప్పులు విప్పుతున్నట్టు చూస్తూ కూర్చుంది. ముల్లు సున్నాకు దిగిపోయి అక్కడే ఉండిపోయింది. నేను టేపు ఆపలేదు.